మూత పెట్టిన కుంకుమ భరిణె

గౌరీదేవి బొట్టు పెట్టి పిలవని చోటికి వెళ్ళే మనిషి కాదు. ఈ సంగతి సెక్టర్ 4లో మా వరస క్వార్టర్లవాళ్ళందరికీ తెలుసు. ఒకసారి ఎవరో శుభలేఖ తలుపు సందులోంచి తోసి వెళ్ళారని, ఆ పెళ్ళి షామియానా ముందునుంచే నడిచివెళ్ళి కూరలు కొనుక్కుని ఇంటికొచ్చేసింది. వాళ్ళు చూడాలనే ఆ దారిన వెళ్ళిందని నా అనుమానం.

బొబ్బిలి దగ్గరి పల్లెనుంచి కొత్త కోడలిగా భిలాయి వచ్చింది. భర్త చిన్నారావుకి స్టీలు ప్లాంటులో ఉద్యోగం. హిందీ ముక్క రాదు. "దేశం కాని దేశం తీసుకొచ్చీసినారు" అని మొదటి ఏడాదంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. కొడుకు సునీల్ మొదటి పుట్టినరోజు వచ్చేసరికి ఆ ఏడుపు కాస్తా కంగారైంది. ఆవిడకి తెలిసిన పుట్టినరోజు అంటే తలంటు, కొత్త చొక్కా, పరమాన్నం, హారతి. ఇక్కడేమో వీధిలో పిల్లలంతా గేటు పట్టుకుని "ఆంటీ, కేక్ కబ్ కటేగా?" అని, కేకు ఎప్పుడు కోస్తారని అడుగుతున్నారు.

ఆదుకున్నది పక్క క్వార్టరు ఇంద్రాణి. ఆమె పుట్టింటివాళ్ళు భిలాయి పక్కనే చరోదా రైల్వే కాలనీలో ఉండేవారు. తండ్రి క్రైస్తవుడు, తల్లి పైడితల్లికి మొక్కుకునే మనిషి. ఇంద్రాణి ఆదివారం చర్చికి వెళ్ళేది, కార్తీకంలో తల్లితోపాటు ఉపవాసమూ ఉండేది. ఇక్కడే పుట్టి పెరిగింది కాబట్టి ఇక్కడి పద్ధతులన్నీ కొట్టినపిండి.

"పిల్లల్ని పిలిస్తే పిల్లలే వస్తారు వొదినా. అమ్మలు గేటుకాడ దింపీసి ఎల్లిపోతారు, నువ్వు తప్పట్టుకోకు. సమోసా, చిప్సు, కేకుముక్క, బస్. ఆళ్ళు తెచ్చిన గిఫ్టు ఆళ్ళ ముందర ఇప్పకూడదు. ఎల్లినప్పుడు ఒక్కో పిల్లకీ చేతిలో పెన్సిలో, టాఫీయో ఎట్టాల."

"అన్నం తినకుండా ఎల్లిపోతారా? అదేటి మర్యాదే!" అంది గౌరీదేవి.

ఇంద్రాణి కుక్కరులో ఇసకపోసి కేకు చేసింది. గౌరీదేవి గుండిగెడు పులిహోర కలిపి, పిల్లలంతా తినేదాకా గేటుకి గొళ్ళెం పెట్టేసింది. ఒక తల్లి బయట నిలబడి మా పిల్లాడు ఏడని గోల. నేను ఎదురు క్వార్టరు వరండాలోంచి చూసి నవ్వలేక చచ్చాను.

కొవ్వొత్తి దగ్గర మాత్రం నవ్వులాట కాలేదు. ఊదమనగానే గౌరీదేవి కొడుకుని వెనక్కి లాక్కుంది. "పిల్లోడి పుట్టినరోజునాడు దీపం ఆర్పుతారేటి? నా వొల్ల కాదు." ఇంద్రాణి క్షణం ఆలోచించి, వెలుగుతున్న కొవ్వొత్తిని కేకు మీంచి మెల్లిగా తీసి దేవుడి గూట్లో పెట్టేసింది. "ఇప్పుడు కొయ్యి వొదినా" అంది. అప్పట్నుంచీ ఆ రెండు ఇళ్ళలో ఏ పుట్టినరోజుకీ కొవ్వొత్తి ఊదలేదు.

కేకు మర్యాద ఇంద్రాణి నేర్పితే, పిలుపు మర్యాద గౌరీదేవి నేర్పింది. ఏ వేడుకైనా గౌరీదేవి భరిణె తీసుకుని ముందు ఆ గుమ్మంలోకే వెళ్ళేది. ఇంద్రాణి నవ్వుతూ నుదురు ముందుకి వంచేది. ఆ బొట్టుతోనే బజారుకీ వెళ్ళేది. ఆదివారం చర్చికి బయల్దేరేముందు మొహం కడుక్కునేదనుకోండి, అది వేరే సంగతి. కూతురి పెళ్ళి చర్చిలో చేసినప్పుడు ఇంద్రాణి కూడా చేత కుంకుమ భరిణెతో గౌరీదేవి ఇంటికి వచ్చింది. "ఇది లేకపోతే మా వొదిన రాదు కదా" అంది. చర్చి పెళ్ళికి బొట్టు పెట్టి పిలిచిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

చిన్నారావు రిటైరయ్యాక వాళ్ళు స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయారు. మొన్న చలికాలంలో ఇంద్రాణి భర్త రిటైర్మెంటూ దగ్గర పడింది. క్వార్టరు ఖాళీ చేసి నాగపూర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోవాలని అనుకున్నారు. సరిగ్గా వాళ్ళు బయల్దేరే ముందే సునీల్ కూతురు చిన్నమ్మలు మొదటి పుట్టినరోజు. గౌరీదేవి కనిపించినప్పుడల్లా అదే మాట. "నువ్వు ఎల్లిపోయేముందు మనిద్దరికీ ఇదొక్కటే పండగే. కొవ్వొత్తి నువ్వే తియ్యాల."

సునీల్ అందరికీ ఫోన్లో కార్డు పంపేశాడు. తల్లి ఊరుకుంటుందా? విజయనగరం నుంచి వచ్చిన వియ్యపురాలు కమలాకుమారిని వెంటబెట్టుకుని, పట్టుచీర కట్టుకుని, పాత వీధికి పిలుపులకొచ్చింది. నాకు బొట్టు పెట్టింది. తర్వాత ఇంద్రాణి గుమ్మం ఎక్కారు. నేనూ వెంట వెళ్ళాను.

తలుపు పక్కన యేసు పటం ఉంది. కమలాకుమారి దాన్ని చూసి, "వీళ్ళకి బొట్టు పెట్టొచ్చా వదినగారూ?" అని మెల్లిగా అడిగింది.

ఇంద్రాణి అప్పటికే చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నుదురు ముందుకి వంచింది. గౌరీదేవి భరిణెకి మూత పెట్టేసింది.

"ఆదోరం సాయంత్రం మా చిన్నమ్మలు పుట్టినరోజు ఇంద్రాణీ. నిన్ను పిలవడమేటి, నువ్వు మనింటి మనిషివి. వచ్చీ."

ఇంద్రాణి తల ఎత్తింది. నుదుటిమీద జుట్టు సర్దుకుంది. "అలగేలే వొదినా" అంది.

నాకు ఒళ్ళు మండింది. "గౌరక్కా, ఇంద్రాణికి బొట్టు మర్చిపోయావు" అని పైకే అన్నాను. ఆవిడ వినిపించుకోనట్టు కారెక్కేసింది. కొత్త చుట్టం ముందు తన మర్యాద నిలబెట్టుకోవాలని, తనని కడుపులో పెట్టుకున్న మనిషి మర్యాద తీసేసింది.

ఆదివారం స్మృతి నగర్ ఇంటి మేడమీద దీపాలు, బెలూన్లు, మైకు పట్టుకున్న కుర్రాడు, అన్నీ ఉన్నాయి. గౌరీదేవి కళ్ళు మాత్రం మెట్లమీదే. కేకు కొయ్యనివ్వదు.

"ఇంకెంతసేపమ్మా? బచ్చాలంతా భూఖా ఉన్నారు, ఆకలంటున్నారు" అన్నాడు సునీల్. "ఆంటీకి కార్డు భేజ్ చేశాను కదా, వచ్చేదుంటే వచ్చేసేది."

ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చేతిలో ఫోను పట్టుకుని కూడా గౌరీదేవికి నంబరు నొక్కడానికి మొహం చెల్లలేదు. చివరికి కొవ్వొత్తి వెలిగించారు. తియ్యడానికి ఆవిడ చెయ్యి చాపుతుండగానే పిల్లలంతా కలిసి ఊదేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ చాపిన చెయ్యి కొంగులో దాచుకుంది.

భోజనాల దగ్గర కమలాకుమారి అడగనే అడిగింది. "ఆ సెక్టర్ 4 ఆవిడ రాలేదేం? మంచావిడలా ఉంది పాపం. నేను తెలీక అడిగాను గానీ వదినగారూ, మీరు పెడితే నేను వద్దంటానా?"

గౌరీదేవి ఆ రాత్రి ముద్ద ముట్టలేదని తర్వాత కోడలు చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఆటోలో ఒంటరిగా దిగింది. ఒక చేతిలో కేకు డబ్బా, రెండో చేతిలో భరిణె. ఇంద్రాణి వరండానిండా కట్టిన మూటలు, అట్టపెట్టెలు. నేను మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. చూడకూడదనుకుంటూనే చూశాను.

"తప్పయిపోనాదే. ఆయమ్మ ఏటనుకుంటాదో అని బయపడిపోనాను. నీకన్నా ఆయమ్మ ఎక్కువేటని నా పెంకిబుర్రకి తట్టనేదు" అంది గౌరీదేవి.

ఇంద్రాణి మొహంలో కోపం లేదు. కోపమే ఉంటే బాగుండేది.

"నానేటీ అనుకోనేదు వొదినా. సీర కట్టుకునే కూకున్నాను నిన్న. నువ్వొచ్చి బొట్టెట్టీసి తీసుకెళ్తావనుకున్నాను. ఆయన అన్నం తినమన్నా తినకుండా కూకున్నాను."

గౌరీదేవి ఏడుస్తూనే మూత తీసి వేలు కుంకుమలో ముంచింది. "ఇలగ రా, నుదురు ఎట్టు."

ఇంద్రాణి దగ్గరికొచ్చి ఎప్పటిలాగే నుదురు ముందుకి వంచింది. వంచి, నేలవైపు చూస్తూ, మామూలుగానే అడిగింది.

"ఎట్టు వొదినా. దేనికి పిలస్తన్నావు?"

గౌరీదేవి వేలు గాలిలోనే ఆగిపోయింది. ఇంట్లో ప్రతి వేడుకకీ నోరారా పిలిచిన మనిషి, చెప్పడానికి ఒక్క పండగ కోసం వెతుక్కుంటూ ఆ మూటల మధ్య అలాగే నిలబడిపోయింది.