ఇస్సాకు యానాం కారు

మామిడికుదురులో కొబ్బరికాయల వ్యాపారం చేసే ఇస్సాకుకు జీవితంలో ఒకే ఒక్క కోరిక. చర్చిలో సంఘ పెద్దలు కూర్చునే బల్ల మీద తనూ కూర్చోవాలి. వాళ్ల నాన్న నలభై ఏళ్లు ఆ చర్చి గంట కొట్టాడు. ప్రతి ఆదివారం ఆ బల్ల దుమ్ము తుడిచాడు. ఒక్కనాడూ దాని మీద కూర్చోమన్నవాడు లేడు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఇస్సాకు నిజంగానే కళ్లు తుడుచుకునేవాడు. భార్య సలోమి అతన్ని క్షమించిన సందర్భాలన్నీ అవే.

మిగతా వేళల్లో అతనిది మహా తెలివి. పన్ను అనే మాట వింటే ఒంటి మీద జెర్రులు పాకినట్టుండేది. ఎనభై ఆరులో కారు కొనాలని బుద్ధి పుట్టింది. మరుసటి ఏడాది పెద్దల ఎన్నిక, కారున్నవాణ్ణి కాదనేదెవరని ధీమా. కాకినాడలో కొంటే మన రాష్ట్రం పన్ను కట్టాలి. యానాంలో కొంటే అది పాండిచ్చేరి కిందకి వస్తుంది కాబట్టి పన్ను తక్కువ. కాకపోతే యానాంలో కాపురముంటున్నట్టు కాగితం చూపించాలి.

ఇంకొకడైతే ఏ అద్దె చీటీయో పుట్టించేవాడు. ఈ ఘనుడు తిన్నగా పాస్టరు దేవసహాయం గారి దగ్గరికి వెళ్లాడు.

“వ్యాపారం యానాం మారుస్తున్నానండి. నా సభ్యత్వం అక్కడి సంఘానికి బదిలీ చేస్తూ ఉత్తరం ఇప్పించండి.”

“మీ ఆవిడ గారిది కూడానా అండీ?”

“దానిదెందుకండీ. నా ఒక్కడిది చాలు.”

పాస్టరు గారు ఉత్తరం రాసి ముద్ర వేసి ఇచ్చారు. సంఘం రిజిస్టరులో ఇస్సాకు పేరు మీద ఎర్ర సిరా గీత పడింది. అతను మాత్రం ముద్రనే చూసుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆ ఉత్తరం చూపించి యానాంలో కొన్న కారు, బళ్లని రేవు దాటించే పంటు మీద గోదావరి దాటి ఎదుర్లంక రేవులో దిగింది. ఇంటి నుంచి చర్చికి రెండు వందల గజాలు, దానికీ కారే. పన్ను కట్టేవాళ్లంతా సన్నాసులని టీకొట్టు దగ్గర ఉపన్యాసాలు. దారిలో బండ్ల కాగితాలు, పన్నులు చూసే బ్రేకిన్‌స్పెక్టరు ఆపితే, “మాది యానామండీ, చుట్టాలింటికొచ్చేను,” అనేవాడు. సొంత ఇంటిని చుట్టాలిల్లు చేస్తూంటే పక్క సీట్లో సలోమికి ఒళ్లు మండిపోయేది.

“ఆ పన్నేదో కట్టేసి మర్యాదగా ఉందామండీ,” అంది ఓసారి.

“నీకు తెలీదు, ఊరుకో.”

ఎన్నిక రోజు పాస్టరు గారు సభ్యుల పేర్లన్నీ చదివారు. ఇస్సాకు లేచాడు.

“నా పేరు వదిలేసేరండీ.”

“ఆయ్, మీరు యానాం సంఘం కదండీ. ఉత్తరం మీరే పట్టుకెళ్లేరు.”

“నేనిక్కడే ఉంటున్నానని ఊరందరికీ తెలుసు కదండీ.”

“ఆ ముక్కే కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఇప్పుడే చేర్చుకుంటాం.”

వెనక బల్ల మీద బాబూరావు కూర్చుని ఉన్నాడు. బ్రేకిన్‌స్పెక్టరు ఆఫీసులో గుమాస్తా. పాపం, సాయం చేద్దామని జేబులోంచి పెన్ను తీసి ఇవ్వబోయాడు. సంతకం పెడితే ఎగ్గొట్టిన పన్నూ జరిమానా ఇంటికొస్తాయి. ఇస్సాకు పెన్ను కేసి చూశాడు, కిటికీలోంచి కారు కేసి చూశాడు. పెన్ను తీసుకోకుండానే కూర్చున్నాడు. ఆ క్షణంలో సలోమికి అతని మీద కోపం కూడా రాలేదు, అసహ్యమేసింది.

“గంట కొట్టిన ఇంటి నుంచి ఎవరో ఒకరుండాలి కదండీ,” అంటూ ఆడవాళ్ల వరసలోంచి సుందరమ్మ గారు లేచి పెద్దల బల్లకి సలోమి పేరు చెప్పారు. చేతులన్నీ పైకి లేచాయి.

పెద్దల మొదటి సమావేశానికి ఇస్సాకే ఆమెను కారులో తీసుకొచ్చాడు. సభ్యులు కానివాళ్లు లోపల ఉండకూడదు కాబట్టి బయటే ఆగిపోయాడు. సలోమి కూర్చోబోతూ బల్ల మీద దుమ్ము చూసి కొంగుతో తుడిచింది. మామగారు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. కిటికీలోంచి బయటికి చూసింది. ఆయన కొడుకు వంగి, శ్రద్ధగా, కారు అద్దం తుడుస్తున్నాడు.