పెద్దక్క రిజిస్టరు

"మన మీద చాడీలన్నీ మేనేజరుకి మోసేది పెద్దక్కే" అని కుట్టుమిషన్ల దగ్గర గుసగుసలు. రోజూ సాయంత్రం తప్పుల రిజిస్టరు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళేది మరి. చొక్కాల కాలర్లు కుట్టే పదిమందికీ ఆమె సూపర్‌వైజరు. వాచిన పాదాలతో మిషన్ల మధ్య తిరుగుతూనే ఉండేది. జడలో చిక్కిన దారం పోగులు తీసుకునే ఓపిక కూడా ఉండేది కాదు. నిన్న కొత్తమ్మాయి నలభై కాలర్లు తిరగేసి కుట్టేసింది. మేనేజరుకి తెలిస్తే ఉద్యోగం పోతుందని ఏడుపు మొదలుపెట్టింది. "ఏడవకే తల్లీ, విప్పుదాం పట్టు. తెలియకపోతే అడగొచ్చుగా, నేనేమన్నా కొరుకుతానా?" అంటూ పెద్దక్క కత్తెర అందుకుంది. కాళ్ళు లేవక ఈరోజు ఆమె రాలేదు. రిజిస్టరు కొత్తమ్మాయే తీసుకెళ్ళాల్సి వచ్చింది. భయంభయంగా తెరిచింది. ప్రతి పేజీలోనూ, తప్పు ఎవరిది అన్నచోట పెద్దక్క తన పేరే రాసుకుంది. నిన్నటి కాలర్లకు కూడా.