మూత తీయని ఐదు ట్రేలు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది. ఢిల్లీ నుంచి మెల్‌బోర్న్ వెళ్లే విమానం. నేను అప్పటికే చాలా ఏళ్లుగా క్యాబిన్ క్రూలో, అంటే ప్రయాణికుల భద్రత, భోజనం చూసే సిబ్బందిలో ఉన్నాను. ఆ రోజు మా పర్సర్ ఎవరో తెలియగానే నా ముఖం మాడిపోయింది. పర్సర్ అంటే క్యాబిన్ మొత్తానికి పెద్ద దిక్కు.

కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో విమానం ఎక్కుతున్న ఒక పెద్దావిడను "అన్నం తిన్నరా అమ్మా?" అని పలకరించాను. మాది బొగ్గు గనుల ఊరు, మా సెంటినరీ కాలనీలో ఎవరు ఎదురుపడినా మొదటి మాట అదే. ఈ పర్సర్ మేడమే దాని అర్థం అడిగి, అందరి ముందూ నవ్వి, "ఇది మీ బొగ్గు గని క్యాంటీన్ కాదు. గుడ్ ఈవెనింగ్ అను, చాలు" అంది. దాని మీద నేను రాసిన ఫిర్యాదుకు జవాబు లేదు. నేను ఫిర్యాదు చేసే మనిషినే. బ్రేకు పట్టని మీల్ కార్ట్ మీద, అంటే భోజనాల బండి మీద రాశాను. సిబ్బందికి పెట్టే ఎండిపోయిన బ్రెడ్డు మీద రాశాను. కార్ట్ బాగుపడింది, బ్రెడ్డు మెత్తబడింది. మేడమ్ అన్న మాట మాత్రం నాలో అలాగే ఉండిపోయింది.

విమానం గాల్లోకి లేచాక భోజనాలు వడ్డించాం. నిద్రపోతున్న వాళ్లను లేపకూడదన్నది మా నిబంధన. సీటుకు చిన్న స్టిక్కర్ అంటించి, లేచాక పెడతాం. చిట్టచివరి వరుసలో నీలం టీషర్టు వేసుకున్న ఒకాయన గురక పెడుతుంటే నేనే స్టిక్కర్ అంటించి ముందుకు వెళ్లిపోయాను.

ఖాళీ ట్రేలు తీసుకునే వేళ మేడమ్ గ్యాలీలోకి విసురుగా వచ్చింది. గ్యాలీ అంటే విమానంలో మా వంటిల్లు. "నీలం టీషర్టుల వాళ్లు ఐదుగురున్నారు, తలా ఒక వరుసలో. ఒక్కడూ మూత తీయలేదు. ట్రే తిరిగి ఇమ్మంటే ఇవ్వరు. వీళ్లేదో గొడవకు సిద్ధమవుతున్నారు" అంది.

ఆమె మాట పూర్తి కాకముందే ఆ ఐదుగురూ ట్రేలు పట్టుకుని వెనక్కి నడిచి వచ్చారు. వాళ్లలో పెద్దాయన, గురక పెడుతున్న మనిషి భుజం మీద చెయ్యి వేయబోయాడు. మేడమ్ అడ్డం వెళ్లి హిందీలో, "నిద్రపోయే ప్రయాణికుణ్ని లేపకూడదు" అంది.

"లేపనియ్యరా? మంచిది. లేసేదాక గిక్కడనే కూసుంటం" అన్నాడాయన తెలుగులో. ఒకరు న్యూస్ పేపర్ పరిచారు. వెనక తలుపు దగ్గర, నేల మీద, ఐదుగురూ గుండ్రంగా కూర్చున్నారు. ట్రేలన్నీ మధ్యలో, మూతలతో సహా.

ఎమర్జెన్సీ తలుపుకు అడ్డంగా ఎవరూ కూర్చోకూడదు. మేడమ్ అన్‌రూలీ రిపోర్ట్ రాస్తానంది. మాట వినని ప్రయాణికుల మీద రాసేది అది. అది రాస్తే దిగగానే పోలీసులు వచ్చి తీసుకెళ్తారు. ఆ టీషర్టుల వీపు మీద 'మైన్స్ రెస్క్యూ' అని అప్పుడు చూశాను. గని ప్రమాదాల్లో మనుషుల్ని కాపాడే దళం, మావాళ్లే.

వాళ్ల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. "ఏమైందన్నా? ఎందుకు తింటలేరు?"

పెద్దాయన తలెత్తాడు. "ఏ ఊరు చెల్లే మీది?"

"సెంటినరీ కాలనీ. మా బాపు గనిల చేసి రిటైరయిండు."

"అరె, మన పిల్లనే! నన్ను ఓదెలు అంటరు, గీ టీముకు కెప్టెన్‌ను. మెల్‌బోర్న్‌ల గనుల రెస్క్యూ పోటీలకు పోతున్నం. దిగంగనే రిపోర్టు చెయ్యాలె. మావోడు సమ్మయ్యకు అన్నం రాలే. ఆన్ని ఇడిచిపెట్టి మేమెట్ల తింటం?"

"నిద్రపోతుండు గదన్నా."

"గదే చెప్తున్న! గనిల మనిషి కూసున్నకాడ నిద్రవోయిండంటే గ్యాసేమోనని ముందుగాల లేపుతం. మీరేమో స్టిక్కరు అతికిస్తరు!"

పక్కాయన అందుకున్నాడు. "వాని గుర్కకు ఇమానం ఇంజను గూడ ఇనవడ్తలేదు. ఇంక గ్యాసెక్కడిదే?"

నేల మీద నవ్వులు మొదలయ్యాయి. నాకు మాత్రం నవ్వు రాలేదు. గనిలో చివరి మనిషి వచ్చి కూర్చునేదాకా ఎవరూ అన్నం డబ్బా మూత తీయరు. తిండికి ఒకడు రాలేదంటే వాణ్ని వెతకాలని అర్థం. మా బాపు ఇంట్లో కూడా అంతే. మేమంతా కూర్చుంటే తప్ప ముద్ద కలిపేవాడు కాదు.

మేడమ్‌కు అదంతా చెప్పి, "పది నిమిషాలు ఇవ్వండి" అన్నాను. ఆమె వాచీ చూసుకుంది. నేను చివరి సీటు దగ్గరికి వెళ్లి, ఆమెకు వినబడేలాగే గట్టిగా అడిగాను.

"సమ్మయ్యన్నా, అన్నం తిన్నవా?"

గురక టక్కున ఆగింది. "షిఫ్టు అయిందా?" అంటూ లేచి తల మీద చేత్తో తడుముకున్నాడు, గని టోపీ కోసం. చివరి వరుసల వాళ్లంతా పగలబడి నవ్వారు. మేడమ్ పెదవి కూడా కదిలింది. నేను చూశాను.

మిగతా పని తేలిక. టాయిలెట్ల పక్కన కూర్చున్న వాళ్లను "ముందున్న వీళ్ల సీట్లకు వెళ్తారా?" అని అడిగితే ఎవరు కాదంటారు? అలా చివరి రెండు వరుసల్లో ఆరుగురికీ చోటు దొరికింది. సమ్మయ్య ట్రే ఓవెన్‌లోంచి తెచ్చి పెట్టాను. మిగతావి చల్లారిపోయాయని నొచ్చుకుంటే, "మేం ఏనాడు ఏడిది తిన్నం చెల్లే, గనిల?" అన్నాడు ఓదెలు.

అయినా ఎవరూ మూత తీయలేదు.

"ఇంకా ఏందన్నా?"

"నువ్వు తినలే గదా. ఆ మేడమ్ గూడ తిన్నట్టు లేదు." ఆయన ఆమె వైపు తిరిగి తన హిందీలో అడిగాడు. "ఖానా ఖాయే, మేడమ్?"

ఆమె గ్యాలీలోంచి రెండు ట్రేలు తెచ్చి, ఒకటి నా చేతికిచ్చింది. సిబ్బంది కూర్చునే మడత కుర్చీని జంప్ సీట్ అంటాం. అక్కడ కూర్చుని ఆమె మూత తీసింది. అప్పుడు వాళ్లూ తీశారు. ఓదెలు తన పచ్చడి డబ్బా వెనక్కి పంపాడు. మేడమ్ రెండుసార్లు వేసుకుంది.

అన్‌రూలీ రిపోర్ట్ రాయలేదు. దిగేటప్పుడు ఆరుగురూ వరుసగా నా తల మీద చెయ్యి పెట్టి, టైముకు పోటీకి వెళ్లిపోయారు. తర్వాతి ప్రయాణానికి ముందు సిబ్బందితో పెట్టిన బ్రీఫింగ్‌లో మేడమ్, "స్టిక్కర్ అంటించే ముందు తోడు వచ్చినవాళ్లున్నారేమో అడగండి" అని తన సొంత ఆలోచనలా చెప్పింది. నా పేరు ఎత్తలేదు. అది కూడా గుర్తుపెట్టుకున్నాను. పాత ఫిర్యాదు ఇంకా వెనక్కి తీసుకోలేదు.

ఆ విమానం నాకు నేర్పింది ఒక్కటే. మనం వడ్డించేది సీటుకు కాదు, ఆ సీటు వైపు ఎదురుచూస్తున్న వాళ్లందరికీ. ఇప్పుడు తెలుగువాళ్లు ఎవరు విమానం ఎక్కినా "అన్నం తిన్నరా?" అనే పలకరిస్తాను. మేడమ్ పక్కనే ఉంటే ఇంకాస్త గట్టిగా.