చిన్నకోడలు ఉన్న ఫోటోలు

ఆ ఇంట్లో పెద్దకోడల్ని అందరూ స్టూడియో అనేవాళ్లు. ఆమె ఉద్యోగం ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం. పొద్దంతా ఎముకలు తీసి విసుగెత్తి, ఇంటికొచ్చి మనుషుల్ని తీస్తుందని మామగారు హాస్యమాడేవారు. ఎవరి పుట్టినరోజైనా, ఎవరు ఇల్లు మారినా, ఏ పిల్లాడికి పన్నూడినా ఆమె కెమెరా హాజరు. "ఆగండర్రా, స్టూడియో రానీండి" అంటూ అత్తగారు కేకు ముందు కత్తి పట్టుకుని అరగంట కూర్చున్న రోజు కూడా ఉంది. ఆ అరగంటని తలుచుకుని పెద్దకోడలు ఎన్నోసార్లు లోలోపల మురిసిపోయింది.

ఫోటోల విషయంలో ఆమెది ఒట్టి చాదస్తం. ఆమె కెమెరా ప్రతి ఫోటోనీ రెండుగా దాస్తుంది. ఒకటి జేపెగ్, అప్పటికప్పుడు చూసుకోవడానికి, నలుగురికీ పంపడానికి. రెండోది రా ఫైలు. అది బండెడు చోటు తింటుంది, చూడ్డానికి వెలిసిపోయినట్టుంటుంది. కానీ కెమెరా కంటికి ఆనిందంతా అందులో ఉంటుంది. చీకట్లో పడ్డ మొహాన్ని సైతం అందులోంచి పైకి తేవచ్చు. ఆ రెండింటికీ తేదీలు వేసి, రెండు డిస్కుల్లోకి ఎక్కించి, ఒక డిస్కు బల్ల సొరుగులోనూ, రెండోది బీరువాలో స్వెట్టర్ల కిందా పెట్టేది.

"ఒక్క ఫోటోకి నాలుగు కాపీలా?" అని భర్త నవ్వితే, "అసలుది పోయాక ఏడిస్తే వస్తుందా?" అనేది.

అలాంటి ఇంటికి చిన్నకోడలు వచ్చింది. పసిపిల్లల బడిలో టీచరు. నోరు విప్పితే నవ్వే. ఆమె దగ్గర ఫోను తప్ప ఏమీ లేదు. తీసిన ఫోటో వంకరగా ఉండేది, మూలన బొటనవేలు అడ్డం వచ్చేది, సగం మందికి తలలుండేవి కావు. అయినా అన్నాల దగ్గరనుంచి లేచేలోపు అవి అందరి ఫోన్లలోకీ చేరిపోయేవి. పెద్దకోడలు మాత్రం ఇంటికెళ్లి, ఏరి, వెలుతురు సరిచేసి, మూడు వారాలకి పంపేది. అప్పటికి అందరూ చూడాల్సింది చూసేశారు.

అత్తగారి అరవయ్యో పుట్టినరోజుకీ అదే జరిగింది. కంటికి కునుకు లేకుండా నలభై ఫోటోలు తయారుచేసి పంపితే, ఆడపడుచు "బాగున్నాయి వదినా" అని ఒక్క ముక్క రాసి, కిందనే "చిన్నొదినా, ఆ రోజు నువ్వు తీసిన అమ్మ ఫోటో మళ్లీ పంపవా?" అని అడిగింది. ఆ శనివారం అత్తగారింటికి వెళ్తే ఫ్రిజ్ తలుపు మీద అదే ఫోటో అంటించి ఉంది. మసక మసకగా, ఒక చెవి లేకుండా.

"ఇదేంటత్తయ్యా, దీన్ని పెట్టారు? నేను మంచిది పంపానుగా."

"ఇందులో నేను నవ్వుతున్నానే," అంది అత్తగారు గిన్నె తుడుస్తూ. ఆవిడకి ఏ దురుద్దేశమూ లేదు. "నీ ఫోటోల్లో నేను నిలబడి ఉంటాను."

పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. దారిలో భర్త ఏమైందని అడిగితే తలనొప్పి అంది.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం డిస్కు నిండిపోయిందని కంప్యూటర్ చెప్పింది. ఏదో ఒకటి తీసెయ్యక తప్పదు. మొహాన్ని గుర్తుపట్టి ఫోటోల్ని ఏరిపెట్టే సదుపాయం అందులో ఉంది. ఆమె చెయ్యి తిన్నగా చిన్నకోడలి మొహం మీదకి వెళ్లింది. నాలుగువందల పన్నెండు ఫోటోలు. ఇన్నా! ఇన్నిసార్లు నేనే తీశానా ఈ మనిషిని? ప్రతి దాంట్లోనూ ఆ పళ్లికిలింపే. "జేపెగ్‌లు ఉంటాయిగా, ఆవిడగారికి అవి చాలు" అనుకుని, ఆ నాలుగువందల పన్నెండింటి రా ఫైళ్లూ తీసిపారేసింది. తర్వాత బీరువా తెరిచి, స్వెట్టర్లు పక్కకి నెట్టి, రెండో డిస్కులోవి కూడా తీసేసింది. చోటు కోసమే అయితే ఆ పని అక్కర్లేదు. రెండో డిస్కు పెద్దది, సగం ఖాళీగానే ఉంది. ఆ సంగతి ఆమెకి తెలుసు.

ఆ సాయంత్రం ఒళ్లు తేలికపడ్డట్టయి హాయిగా టీ తాగింది.

ఏడాది తిరక్కుండా చిన్నకోడలి తండ్రి పోయాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కెమెరా కనబడితే మొహం తిప్పేసుకునేవాడు. నెల తర్వాత చిన్నకోడలు ఆసుపత్రికి వచ్చి, ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చుంది. చేతిలో ఫోను.

"అక్కా, అత్తయ్య పుట్టినరోజుకి నాన్న వచ్చాడు చూడు, కిటికీ దగ్గర నేనూ నాన్నా కూర్చున్నాం. నువ్వు పంపిందాంట్లో నాన్న మొహం నల్లగా ఉంది. పెద్దది చేయించి గోడకి పెట్టుకుందామని. నీ దగ్గర అసలుది ఉంటుందిగా? నువ్వు ఏదీ పారెయ్యవుగా."

పెద్దకోడలు "చూస్తాలే" అంది.

ఇంటికెళ్లి జేపెగ్ తెరిచి వెలుతురు పెంచింది. పెంచేకొద్దీ ఆ ముసలాయన మొహం బూడిద పూసినట్టయింది. కళ్లు రెండు మచ్చలయ్యాయి. పక్కన కూతురి మొహం మాత్రం కిటికీ ఎండలో వెలిగిపోతోంది. మూడు రోజులు కుస్తీ పట్టి, చివరికి ఫోను చేసింది.

"కెమెరాలో కార్డు పాడైందమ్మా అప్పట్లో. అసలువి పోయాయి."

"అయ్యో, పోనీలే అక్కా. నాకంటే నీకే ఎక్కువ బాధ. నీ ఫోటోలంటే నీకు ప్రాణం కదా."

ఫోను పెట్టేశాక పెద్దకోడలికి సిగ్గేసింది. ఆ సిగ్గులోనూ పాత మంటే. ఎంత తేలిగ్గా పోనీలే అనేసింది! ఆ గుణం కూడా దానికే ఇవ్వాలా దేవుడు?

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు ఆ పుట్టినరోజు ఫోటోలన్నీ మొదటినుంచీ ఒక్కొక్కటే తిప్పింది. కిటికీ ఫోటో తర్వాతి దానికి రా ఫైలు ఉంది. ఎందుకుందా అని చూస్తే, అందులో చిన్నకోడలు లేదు. ఎవరో పిలిస్తే లేచి వెళ్లినట్టుంది. కుర్చీ ఖాళీ. తండ్రి ఒక్కడే కూర్చుని, కూతురు వెళ్లిన వైపు మెడ తిప్పి చూస్తున్నాడు. పెద్దకోడలు నెమ్మదిగా నీడని పైకి తెచ్చింది. ముందు నుదురు వచ్చింది, తర్వాత నెరిసిన కనుబొమలు, తర్వాత కళ్లు. ఆ చూపులో మురిపెం దాచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. తనని కెమెరా చూస్తోందని ఆయనకి తెలియదు మరి.

దాన్ని పెద్దగా అచ్చు వేయించి, తనే పట్టుకెళ్లింది. చిన్నకోడలు కాగితం విప్పి చూసింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని అడిగింది.

"కార్డు పాడైందన్నావు?"

అవునని, ఇదొక్కటే దొరికిందని అనేస్తే సరిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పాడవలేదు. నేనే తీసేశాను. నువ్వున్నవన్నీ. రెండు డిస్కుల్లోంచీ."

"నేనేం చేశానక్కా నిన్ను?"

"ఏమీ చెయ్యలేదు. నీ ఫోటోలు ఫ్రిజ్ మీద పెట్టారని."

అంత పెద్ద తప్పుకి అంత చిన్న కారణం పైకి చెప్పుకోవాల్సి రావడమే ఆమెకి పడ్డ శిక్ష. చిన్నకోడలు పోట్లాడలేదు. ఈసారి పోనీలే అనీ అనలేదు. ఫోటోని గోడకి ఆనించి, "మీరు వెళ్లండక్కా" అంది. పదేళ్లుగా "నువ్వు" అని పిలిచిన మనిషి.

ఆ "మీరు" ఆర్నెల్లు సాగింది. ఆ తర్వాత ఒకరోజు చిన్నకోడలు ఒక కొత్త డిస్కు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇకనుంచి నువ్వు తీసినవన్నీ, రెండు రకాలూ, దీంట్లో కూడా వెయ్యి. ఇది మా ఇంట్లో ఉంటుంది." అడిగినట్టు లేదు, చెప్పినట్టుంది. పెద్దకోడలు దాన్ని తీసుకుంది. అప్పటినుంచీ ప్రతినెలా మొదటి ఆదివారం ఆ డిస్కు నింపి ఇచ్చి వస్తోంది.

ఆ తండ్రి ఫోటో చూసి ఎవరైనా ఎవరు తీశారని అడిగితే, చిన్నకోడలు "మా అక్క" అంటుంది. అంతకుమించి ఒక్క మాట చెప్పదు. మొన్న అత్తగారి ఫ్రిజ్ మీదకి చిన్నకోడలు తీసిన మరో వంకర ఫోటో ఎక్కింది. పెద్దకోడలు దాన్ని చూసి పళ్లు నూరుకుంది, చేతిలో కూరగాయలు లోపల పెట్టి, తలుపు గట్టిగానే వేసింది.