కొసరుగా అడిగిన కవర్లు

మదనపల్లె మార్కెట్లో నన్ను డబ్బాలక్క అంటారు. రెండు గుడ్డ సంచులు, మూడు స్టీలు డబ్బాలు, నూనెకొక క్యాను లేకుండా ఇల్లు కదలను. కోడికూర అంగడతను దూరం నుంచే నవ్వుతాడు.

"ఏమక్కా, క్యారియరు ఎత్తుకోనొచ్చినావు. యాడన్నా పెండ్లి భోజనమా?"

"నువ్వేసే తూకానికి పెండ్లి భోజనం యాడొస్తాదప్పా? ముందు ఖాళీ డబ్బా పెట్టి బరువు సూడు. అది తీసేసి కూర తూకమెయ్."

"తీసేస్తాలే. డబ్బాని కూర రేటుకి అమ్మే మొగమా నాది?"

"సూస్తే అట్నే ఉండాది."

వెనక నిలబడినవాళ్లు నవ్వుతారు. పోయిన ఏడాది ఒకనాడు అట్లా నవ్విన వాళ్లలో ఒక టీచరమ్మ ఉంది. పిల్లలకు ప్లాస్టిక్ గురించి చెప్పడానికి బడికి రమ్మని అడిగింది. "మీ మాదిరి ఇంటికొకరుంటే చాలమ్మా" అంది. నేను తల వంచుకున్నాను. వినయం అనుకుని ఉంటుంది. కవరు ఇవ్వడానికి ఎవరైనా చెయ్యి చాపితే నాకు మోచేతి దాకా తడిసిన ఒక రబ్బరు గ్లవుజు కనిపిస్తుందని ఆమెకు ఎట్లా చెప్పేది?

నేను పుట్టి పెరిగింది పుంగనూరులో, మా నాన్న చిల్లరంగడిలో. అటు పక్క ఎరువుల అంగడి, ఇటు పక్క గాజుల అంగడి. మా వీధిలో ధర కుదిరినంత మాత్రాన బేరం ముగిసినట్టు కాదు. కొసరు చేతిలో పడాలి. నా చిన్నప్పుడు కొసరంటే నాలుగు మిరపకాయలు, కరివేపాకు రెమ్మ. కవర్లు వచ్చాక కొసరు కవరైంది. "ఇంకో కవరియ్యప్పా" అనకుండా నేను ఏ అంగడి మెట్లూ దిగలేదు. వంకాయల కోసం కాదు, రెండో కవరు కోసం పోట్లాడిన రోజులున్నాయి. గెలిచి ఇంటికొచ్చి వంటింటి తలుపు వెనక గోతంలో కుక్కేదాన్ని. ఊరికే వచ్చిన వస్తువును పారేయడం అంగళ్లోళ్ల బిడ్డలకు చేతకాదు.

పెళ్లయ్యాక కూడా అదే వీధిలో కాపురం. ఎదురింటామె పాలు పోసేది. ఒక్కటే ఆవు, నల్లది. దాని పాలతోనే ఆమె సంసారం నడిచేది. పొద్దున పితికాక ఆమె పాలు పోయడానికి పోయేది, ఆవు మా గోడ దగ్గరికి వచ్చేది. రాత్రి మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవర్లో వేసి ముడేసి గోడ మీద పెట్టేదాన్ని. విప్పి పెడితే చీమలు పడతాయి, గంజి కారి గోడ పాడవుతుంది. చెత్త పోయింది, ఆవుకు పెట్టిన పుణ్యం వచ్చింది, గోతంలో కవర్లకు పని దొరికింది. మూడు లాభాలు! నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

ఆ ముడి గురించి చెప్పాలి. అది మా నాన్నది. కవరు మెడను మెలితిప్పి, వేలికి రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దూర్చి లాగేవాడు. కొస బయటికి కనిపించదు కాబట్టి ఎవరికీ విప్పడం రాదు. గిరాకీలు పళ్లతో కొరుకుతూ తిట్టుకునేవాళ్లు. ఆయన పోయాక ఆ ముడి వేసేదాన్ని వీధిలో నేనొక్కదాన్నే.

ఒక ఎండాకాలం ఆవు మేత మానేసింది. ఎడమ డొక్క డోలులాగా ఉబ్బింది. పశువుల డాక్టరు వచ్చి, పెరట్లో ఆవును నిలబెట్టే మత్తుసూది వేసి డొక్క కోశాడు. పగ్గం పట్టుకోవడానికి నన్ను పిలిచారు. డాక్టరు రబ్బరు గ్లవుజు తొడుక్కుని మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగుతుంటే కవర్లు ఒకదాన్నొకటి పట్టుకుని, జడలాగా బయటికి వచ్చాయి. తొట్టి నిండింది. ఆ ముద్దలో మా నాన్న ముళ్లు కనిపించాయి. డాక్టరు ఒకటి విప్పబోయి, రాక, బ్లేడుతో కోశాడు. లోపల నా బీరకాయ తొక్కు. నల్లబడింది గానీ కరగలేదు.

"ఎవురేసినారో గానీ గట్టి చెయ్యే" అన్నాడాయన.

నేను పగ్గం వదల్లేదు. పుట్టుబుద్ధి ఊరుకోదు కదా, ముళ్లు మాత్రం ఎంచాను. ఏడు.

మూడో రోజు ఆవు చచ్చిపోయింది. కొన్నాళ్లకు ఆమె ఇల్లు ఖాళీ చేసి కుప్పంలో కూతురి దగ్గరికి పోయింది. మేమూ మదనపల్లెకు మారాము. అప్పటి నుంచి డబ్బాలు మోస్తున్నాను. అయినా దారిపక్క కంపచెట్లకు చిక్కుకున్న కవర్లు గాలికి ఉబ్బి తగ్గుతుంటే ఏదో ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. బస్సులో కూర్చుని చూసుకుంటే నా వేళ్లు పైటకొంగుకు ఆ ముడే వేస్తుంటాయి.

టీచరమ్మ మెచ్చుకున్న వారానికి కుప్పం బస్సెక్కాను. దారిలో పుంగనూరు వచ్చినా దిగలేదు. ఆమె కూతురింటి ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జుట్టు తెల్లబడింది.

"ఎవురు, అంగడి పాపనా? యాలమ్మా ఇంత దూరం? కూసో. కాపీ తాగుతావా?"

కూర్చుంటే చెప్పలేనని తెలుసు. నిలబడే అన్నాను.

"అక్కా, ఆవు కడుపులో ముళ్లేసిన కవర్లు వచ్చినాయి కదా. అవి నేనేసినవి."

ఆమె చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది.

"ఊరంతా ఏసినారు లే పాపా. హోటలోళ్లు ఏసినారు, మార్కెట్టోళ్లు ఏసినారు. మేత కొనలేక నేను గూడా ఈదిలోకి ఇడిస్తి. నువ్వొక్కదానివేనా?"

"మిగతావి నాకు తెలీదు. ముళ్లు ఏడు. ఆ ముడి మా నాయనది. ఇంకెవురికీ రాదు."

"ఆ రగతంలో ఎవురెంచినారు? మూడనుకో."

"ఏడక్కా."

"పోనీ, ఐదు."

అప్పుడర్థమైంది, ఆమె నా కోసం తగ్గిస్తోంది. జన్మలో ఎవరు తగ్గించినా ఇంకా తగ్గించమన్నదాన్ని. ఇంకొక్క మాటంటే మూడుకు కూడా దిగేదేమో. నోరు ఊరిందంటే అబద్ధం కాదు.

"ఏడే" అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టింది. "సరే. ఏడూ నీయే."

కాఫీ మాట మళ్లీ ఎత్తలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని అడిగింది.

"మీ గోడకాడ తినేటప్పుడు సూస్తాంటివా?"

"దినామూ సూస్తాంటి."

"ఎట్ట తింటాండె? ఆ యాళకి నేను పాలు పొయ్యను పోతాంటి. ఒక్కనాడూ సూడలా."

చెప్పాను. ముందు కొమ్ముతో గేటును తట్టేది, నేను వచ్చిందాకా. కవరు పెట్టగానే తినదు, మూతితో అటూ ఇటూ దొర్లించేది. ఎడమ చెవి ఆడిస్తూ ఉండేది.

"ఆ చెవే" అంది ఆమె. "ఈగ లేకపోయినా ఆడిస్తాండె. ఇంకా సెప్పు."

కవరును పళ్ల మధ్య పట్టుకుని తల పైకెత్తేదని చెప్పి అక్కడ ఆగాను.

"నిలపొద్దు" అంది, నా మొగం చూడకుండా. "మింగేది గూడా సెప్పు."

చెప్పాను.