రాళ్ల సామి

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మా నందికొట్కూరు పక్క పల్లెల్లో గడ్డిపరక దొరికేది కాదు. ఎద్దుల్ని నల్లమల అడవికి తోలుకుపోయి, వానలు పడేదాకా అక్కడే మేపుకునేవాళ్లు. ఒక ఏడు నేనూ ఏడ్చి మొత్తుకుని మా తాత వెంట పడ్డాను. నా ఆరాటమంతా రాళ్ల సామిని చూడాలని! కొండల మధ్య చెరువు ఒడ్డున ఒంటరిగా ఉంటాడని, గోనెపట్ట కట్టుకుంటాడని, కొంగలతో మాట్లాడతాడని, నీళ్ల దగ్గరికి ఎవరొచ్చినా రాళ్లతో కొడతాడని పశువుల కాపర్లు కథలు కథలుగా చెప్పేవాళ్లు.

దారిలో కుంటలన్నీ ఎండిపోయాయి. చెరువు కనబడేసరికి మా ఎద్దులు నాలుకలు వేలాడేశాయి. ఆ జత పోతే మాకు సేద్యమే లేదు. నీళ్ల వాసన తగలగానే అవి ఉరకబోయాయి. అంతలో గుడిసెలోంచి వచ్చాడు సామి! గడ్డం ఎగురుతుంటే, గుప్పిళ్ల నిండా రాళ్లతో, కేకలు పెడుతూ!

"దిగొద్దప్పా! ఆ పక్క ఇసుకలో చెలిమలుండాయి, ఆడ తాపుకోపో!"

"చెరువు నీ సొత్తా ఏంది? గొడ్లు సచ్చిపోతాండాయి!" అని మా తాత ఎదురు తిరిగాడు.

టప్పున ఒక రాయి మా ఎద్దు ముట్టె మీద తగిలింది. జత బెదిరి వెనక్కి తగ్గింది. నాకు ఒళ్లు మండిపోయింది. నువ్వెంత, నీ రాళ్లెంత అనుకుంటూ చెంబు పట్టుకుని చెరువులోకి పరుగు తీశాను. మోకాళ్ల లోతుకు దిగానో లేదో, ఆయన వెనకనుంచి వచ్చి నన్ను ఎత్తి గట్టు మీదికి విసిరేశాడు. నేను నిలబడ్డ చోట నీళ్లు భళ్లున లేచాయి. అమ్మో, ఎంత నోరది! మొసలి నా చెంబును కరుచుకుని మునిగిపోయింది.

తాత పరుగున వచ్చి నన్ను పొదువుకున్నాడు. ఆ వెంటనే, ఊరికిపోయి ఈటెలతో మనుషుల్ని తెస్తానని లేచాడు. అప్పటిదాకా మీదమీదికి వచ్చిన సామి చేతులు జోడించాడు.

"వద్దు నాయనా. అది నాకంటే ముందునుంచీ ఈడ ఉండాది. ఉందని తెలిస్తే మీరు దాన్ని సంపుతారు. నేను ఊరికే ఉంటే అది మిమ్మల్ని సంపుతాది. అందుకే రాళ్లేస్తాండా."

చెరువుకు దూరంగా ఎండిన వంక ఇసుకలో ఆయన తవ్వి పెట్టిన చెలిమల్లో నీళ్లు తేటగా ఊరుతున్నాయి. మా ఎద్దులు కడుపునిండా తాగాయి. తాత మాత్రం ఊరి దారికేసే చూస్తున్నాడు. ఊళ్లోవాళ్లను తెస్తాడేమోనని నేను ఆయన పంచె పట్టుకుని వదల్లేదు. ఇంతలో మరో మందతో కాపర్లు వచ్చి, సామి సంగతేమని అడిగారు.

"ఉత్త పిచ్చోడప్పా! శానా రాళ్లేస్తాండాడు. చెరువు పక్కకు పోవద్దండి, ఈడనే తాపుకోండి," అన్నాడు మా తాత.

ఆ మాట విని సామి గడ్డంలోనే నవ్వుకున్నాడు. పిచ్చోడన్నందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

నాకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఊరికే నా మీద ఎవరైనా కేకలేస్తే ఇప్పటికీ కోపం వస్తుంది, నేనేమీ శాంతమూర్తిని కాను. కానీ ఎదురు మాట అనేముందు, ఈ మనిషి నన్ను ఏ నీళ్లలోకి దిగకుండా ఆపుతున్నాడో అని ఒక్కసారి చూసుకుంటాను.