బోనెట్ మీద కాగితం సీలు

శ్రీరామ్మూర్తి ఏ బండినైనా ముందు కింద నుంచి చూస్తాడు. మా వీధిలోకి గ్యాసు సిలిండర్ల ఆటో వచ్చినా సరే, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, మెడ పక్కకి వంచి, చక్రాల మధ్య చీకట్లోకి ఓ చూపు పారేస్తే గానీ దాన్ని పోనివ్వడు. పోర్టు రోడ్డులో ఒక ప్రైవేటు గోదాముల యార్డుకి గేటు కాపలాగా పనిచేసి రిటైరైన మనిషి. లోపలికి పోయే లారీలతో ఆయనకి పనిలేదు. బయటికొచ్చేవే ఆయన చదువూ సంధ్యా. పంచదార బస్తా స్టెప్నీ వెనక ఎలా ఒదుగుతుందో, గోధుమలు పనిముట్ల పెట్టెలో ఎలా ప్రయాణం చేస్తాయో ఆయన చెబుతూంటే, జీవితమంతా కథలు చదివిన నాకు కూడా మనుషులు ఇంత కల్పన చెయ్యగలరా అనిపించేది.

గోదాముల్లో సరుకు తగ్గినప్పుడల్లా స్టోరు కీపర్లు ఒకటే మాట చెప్పేవారట: ఎలకలు తినేశాయి.

"ఎలకలు బస్తా కుట్టు ఇప్పి, తినీసి, మళ్ళీ అదే దారంతో కుట్టీసి ఎల్లిపోతాయేటి మాస్టారూ?" అని ఒకసారి నన్ను అడిగాడు. నవ్వుతూ అడగలేదు. ఆ మాట విన్న ప్రతిసారీ దాని వెనక ఒక మనిషి దొరికాడు ఆయనకి. అలా దొరికి దొరికి, చివరికి ఎలక అనే జంతువు మీదే నమ్మకం పోయింది.

కంచరపాలెంలో మావి ఎదురెదురు ఇళ్ళు. పట్టాల మీద గూడ్సు పోతే రెండిళ్ళ కిటికీలూ ఒకేసారి అదురుతాయి. రిటైరయ్యాక ఆయన కారు కొన్నాడు. భార్య గురువమ్మకి మోకాళ్ళు పట్టేసి ఆటో ఎక్కడం కష్టమైపోయింది. ఆవిడకి వెళ్ళాలని ఉండే చోటు ఒక్కటే, ఆటోనగర్లో మెకానిక్ షెడ్డు నడుపుకునే తమ్ముడు తాతబాబు దగ్గరికి. అమ్మానాన్నలు పోయాక, ఊళ్ళో ఉన్న కాస్తా అమ్ముడైపోయాక, ఆవిడకి పుట్టిల్లంటే ఇక ఆ తమ్ముడే. తాతబాబు వస్తే వీధి గుమ్మంలోంచి వచ్చేవాడు కాదు. "అప్పా" అని అక్కని పిలుస్తూ పక్క సందులోంచి నేరుగా వంటింట్లోకి పోయేవాడు. ఆ పిలుపు మా ఇంట్లోకి కూడా వినిపించేది.

డ్రైవరుని నమ్మడు కాబట్టి శ్రీరామ్మూర్తి తానే డ్రైవింగు నేర్చుకున్నాడు. నేర్పే కారులో పక్కసీట్లో నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుందని తెలిసిన రోజు నుంచి, ఇన్నాళ్ళూ బండి నడిపింది నిజంగా తనేనా అని అనుమానం. లైసెన్సు చేతికొచ్చాక కూడా అది తీరలేదు.

కొన్నాళ్ళకి కారు కంపెనీ నుంచి మెసేజీ వచ్చింది. ఈ మోడల్లో పెట్రోలు పంపులో లోపం ఉన్నట్టు తేలిందనీ, షోరూముకి తెస్తే ఉచితంగా కొత్తది వేస్తామనీ. ఆ మెసేజీ నాకు చూపించి, తప్పు మాదేనని ఎవడైనా తనంతట తాను ఒప్పుకుంటాడా, దీని వెనక ఏదో ఉంది అన్నాడు. షోరూముకి తీసుకెళ్ళే ముందు గోళ్ళ రంగు సీసా కొని తెచ్చి, బోనెట్ కింద చెయ్యి అందిన ప్రతి భాగం మీదా ఎర్ర చుక్క పెట్టాడు, మంచివి తీసేసి పాతవి తగిలిస్తే తెలియాలని. బండి తిరిగొచ్చాక చూస్తే చుక్కలన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. దానికి సంతోషించాలి గదా. ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదని గురువమ్మ మా ఆవిడతో చెప్పింది. తనకి దొరకలేదంటే అవతలివాడు మరీ గట్టివాడై ఉంటాడని ఆయన బాధ.

ఆ కారుకి ప్రతి శుక్రవారం పూజ. యార్డులో క్రేన్లకీ లారీలకీ ఇంజను దగ్గరే పూజ చేసేవారట. అందుకని శ్రీరామ్మూర్తి కూడా పొద్దున్నే స్నానం చేసి, బోనెట్ ఎత్తి, ఇంజనుకి బొట్టు పెట్టి, గురువమ్మ కలిపిచ్చిన అక్షింతలు గుప్పెడు దానిమీద చల్లేవాడు. పసుపూ నెయ్యీ రాసిన బియ్యం. ఆ వాసన మా అరుగు దాకా వచ్చేది.

వానలు మొదలైన రోజుల్లో కారు ఒక పొద్దున స్టార్టు కాలేదు. తాతబాబు మోటారు సైకిలు మీద వచ్చాడు. బోనెట్ ఎత్తి, తల లోపలికి పెట్టి, వేలితో ఒక వైరు పైకి లాగి చూపించాడు.

"ఎలక కొట్టీసింది బావా."

నేను అరుగు మీద ఉన్నాను. శ్రీరామ్మూర్తి మొహం చూశాను. బావమరిది మాట కాదు ఆయన విన్నది. గోదాము తలుపు దగ్గర తాళాల గుత్తితో నిలబడ్డ స్టోరు కీపరు మాట విన్నాడు.

తాతబాబు ఆ వైరు అతికి, టేపు చుట్టి, అక్క పెట్టిన ఉప్మా తిని వెళ్ళిపోయాడు. కొన్ని వారాలకి మళ్ళీ అదే. ఈసారి ఇంకో వైరు. మళ్ళీ తాతబాబే రావాలి, మళ్ళీ అదే మాట అనాలి. అతను వెళ్ళాక శ్రీరామ్మూర్తి మా అరుగు మీదికి వచ్చి కూర్చుని, గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు. బండి బాగైన ప్రతిసారీ కొన్నాళ్ళకే ఎందుకు పాడవుతోంది? దాన్ని తాతబాబు తప్ప ఎవరు ముట్టుకుంటున్నారు? బండి పాడైతే ఎవరికి పని? ఆయన ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి గేటులోంచి వచ్చే లారీల్లా వచ్చాయి. నేను రెండు మాటలు అడ్డం చెప్పాను. నన్ను కూడా కింద నుంచి పైకి ఓసారి చూశాడు.

మర్నాడు బోనెట్ అంచు మీద, మూత కలిసేచోట, ఒక తెల్ల కాగితం ముక్క అడ్డంగా అతికించి ఉంది. దానిమీద ఆయన సంతకం, పక్కన తేదీ. గోదాము తాళానికి వేసే సీలు లాంటిది. కాగితం చిరగకుండా బోనెట్ ఎత్తడం ఎవరి వల్లా కాదు. శుక్రవారం పూజకి తానే చింపి, పూజ అయ్యాక కొత్తది అతికించేవాడు. పైన కారు కవరు కప్పేవాడు గనక గురువమ్మకి కూడా అది తెలియదు.

ఆ వర్షాల్లోనే కారు పూర్తిగా మూగబోయింది. తాళం తిప్పితే దీపాలన్నీ ఒకేసారి వెలిగి ఆరిపోతున్నాయి. శ్రీరామ్మూర్తి కవరు తీసి చూశాడు. సీలు చెక్కుచెదరలేదు. ఇంకొకరైతే అక్కడితో బావమరిది తప్పేమీ లేదని తేలిపోయిందనుకునేవారు. ఈయన కాసేపు ఆలోచించి, వైరు ముందే సగం కోసి ఉంచితే తర్వాత దానంతట అదే తెగుతుంది గదా అన్నాడు. యార్డులో అలా గొలుసులు కోసినవాళ్ళని చూశాడట.

తాతబాబుకి కబురు చెయ్యలేదు. షోరూము వాళ్ళకి ఫోను చేసి బండిని లాగించుకుపొమ్మన్నాడు. ఇన్సూరెన్సు క్లెయిమ్ పెట్టాడు. ఎవరి మీద అనుమానమో ఇంట్లో చెప్పక తప్పలేదు. గురువమ్మ ఒక్క మాటే అన్నదని తర్వాత తెలిసింది.

"ఆడికి నాను తప్ప ఎవులున్నారు, నాకు ఆడు తప్ప ఎవులున్నారు? ఆడి పేరు బయట సెప్పినావంటే ఇంక ఆడు నా గుమ్మం తొక్కడు."

యార్డులో సీలు తియ్యాలంటే పక్కన సాక్షి ఉండాలి. ఆ నియమం ప్రకారం నన్ను షోరూముకి రమ్మన్నాడు. గురువమ్మ తానూ వస్తానంది. మోకాళ్ళు పట్టుకుని ఆటో ఎక్కింది. దారంతా ఆవిడ బయటికే చూస్తూ కూర్చుంది.

ఇన్సూరెన్సు తరఫున నష్టం చూడ్డానికి వచ్చిన సర్వేయరు పేరు దేవీప్రసాద్. మర్యాదస్తుడు. ఎవరి మాటా పూర్తిగా నమ్మని ఒక మెత్తని మర్యాద. సీలు ఎదురుగా కనబడేసరికి ఆయనకి కూడా ఆసక్తి కలిగింది. బ్లేడుతో కాగితం కోసి బోనెట్ ఎత్తారు. వైర్ల కట్ట చీలికలు పీలికలై ఉంది. దేవీప్రసాద్ పాత అతుకులు చూసి, ఇది ఎవరు చేశారని అడిగి, బావమరిది అని శ్రీరామ్మూర్తి చెప్పిన తీరులోనే అనుమానం పసిగట్టి, తాతబాబు నంబరు తీసుకుని అక్కడినుంచే ఫోను చేశాడు. బయటి మెకానిక్ చేతులు పెట్టాడా లేదా అన్నది ఆయనకి కావాలి. మాటల్లో, మీ బావగారికి మీమీద అనుమానం ఉన్నట్టుంది అని కూడా అనేశాడు. ఫోను అవతల ఏమన్నారో మాకు వినబడలేదు. గురువమ్మ మాత్రం కుర్చీలో ముందుకి వంగింది.

ఫోను పెట్టేసి దేవీప్రసాద్ సంగతి విడమరిచి చెప్పాడు. ఎలకలు కొరికిన నష్టం మీ పాలసీలో లేదు. ఎవరైనా కావాలని కోశారంటే అది వేరే సంగతి, అప్పుడు పోలీసు కంప్లైంటు ఇవ్వాలి, ఆ మనిషి పేరు చెప్పాలి.

అప్పటికే షోరూము మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత విప్పుతున్నాడు. ఇంజనులోకి పోయే గాలిని వడగట్టే నల్ల డబ్బా అది. మూత పైకి లేచేసరికి ముందు వాసన వచ్చింది. లోపల గుడ్డ పీలికలు, వైరు తొక్కలు మెత్తగా పరిచి గూడు కట్టి ఉంది. గూడు చుట్టూ పోగేసినట్టు బియ్యపు గింజలు. పసుపుపచ్చని బియ్యం.

గురువమ్మ లేచి, కారు అంచు పట్టుకుంటూ దగ్గరికి వెళ్ళి, ఒక గింజ వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"నా సేత్తో కలిపినియ్యే," అంది.

శ్రీరామ్మూర్తి వంగి కారు కింద చూశాడు. చక్రాల పక్కనుంచి పైకి పిల్లి దూరేంత సందు. ఆ సందుకి సీలు లేదు. ఇన్నేళ్ళూ బండి కింద ఆయన వెతికింది మనుషులు పైనుంచి దాచిన వాటి కోసమే; కిందనుంచి పైకి ఏదైనా ఎక్కుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

దేవీప్రసాద్ పెన్ను తీశాడు. ఎవరి మీదైనా అనుమానం ఉందా, ఉంటే ఇప్పుడే చెప్పండి, నేను రాసుకోవాలి అన్నాడు. గూడు చూశాక కూడా అడిగాడంటే, కావాలనుకుంటే క్లెయిముకి దారి ఇంకా ఉందని చెప్పడమే.

శ్రీరామ్మూర్తి చాలాసేపు ఆ డబ్బాలోకి చూశాడు.

"లేదండి. ఎలకే," అన్నాడు.

ఆ మాట ఆయన నోట రావడం నేను వినడం అదే మొదలు. క్లెయిమ్ అక్కడితో పోయింది.

షోరూము వాళ్ళు కొత్త వైరింగుకి చెప్పిన రేటు విని, గురువమ్మ బండిని తమ్ముడి షెడ్డుకి లాగించమంది. మేమూ వెంట వెళ్ళాం. తాతబాబు షెడ్డులోంచి బయటికొచ్చి ముగ్గురికీ కుర్చీలు వేశాడు. టీ తెప్పించాడు. "కూకోండి శ్రీరామ్మూర్తి గారూ," అన్నాడు.

గురువమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. అంతకుముందు ఎప్పుడూ బావా అనే పిలుపే తప్ప ఆ నోట ఆయన పేరు ఎవరం వినలేదు.

తాతబాబు తన ఫోను తీసి, ఎదురుగా ఒక ఆయిలు డబ్బాకి ఆనించి నిలబెట్టి, వీడియో పెట్టాడు. తర్వాతే బోనెట్ ఎత్తాడు. "ఏ సామాను తీసినా ఇందులో పడతాది. రేపు ఎవులికీ అనుమానం ఉండకూడదు గదా," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. గురువమ్మ చెయ్యి చాపి ఆ ఫోను బోర్లా పెట్టింది. అతను చేతులు గుడ్డకి తుడుచుకుని వచ్చి, దాన్ని మళ్ళీ నిలబెట్టాడు. అక్కమీద విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది.

శ్రీరామ్మూర్తి తన కుర్చీ ఎత్తి రోడ్డు వైపు తిప్పుకుని, బండికి వీపు పెట్టి కూర్చున్నాడు. వెనక పానా చప్పుడు అయినప్పుడల్లా ఆయన మెడ కొంచెం కదిలేది. తిరిగి మాత్రం చూడలేదు.

ఇప్పుడు శుక్రవారాల్లో కారుకి బయటినుంచి ఒక పువ్వే. అక్షింతలు లేవు. తాతబాబు వస్తాడు, కానీ పక్క సందులోంచి రాడు. గేటు దగ్గర ఆగి హారన్ కొడతాడు.

మొన్న ఏదో చప్పుడు వస్తోందని గురువమ్మ కబురు చేస్తే వచ్చాడు. శ్రీరామ్మూర్తి కిందికి దిగలేదు. మేడమీద నుంచి తాళాలు కిందికి వేసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. తాళాలు పట్టుకుని తాతబాబు కొంచెంసేపు పైకి చూస్తూ నిలబడ్డాడు, ఎవరైనా దగ్గరుండి చూడ్డానికి వస్తారేమోనని. ఎవరూ రాలేదు. బోనెట్ ఎత్తాడు. జేబులోంచి ఫోను తీశాడు. దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు తల తిప్పి మా కిటికీ వైపు చూశాడు. నేను అక్కడే ఉన్నాను. సీలు కోసిన రోజు సాక్షిగా నిలబడ్డ మనిషిని.

అతని చెయ్యి మళ్ళీ జేబు మీదికి పోయింది. నేను కిటికీ రెక్క వేసేశాను.